కడిగిన సీసా

మా ముత్తాత మూడూళ్లకు పోలీసు పటేలు. ఆయన కొడుకు, అంటే మా తాత, మాలీ పటేలు. శిస్తు వసూలు రోజున తాత అరుగు మీద కూర్చుంటే, మిర్యాలగూడ నుంచి వచ్చిన అధికారి కూడా కూర్చోమనేదాకా నిలబడే ఉండేవాడట. మా నాన్న కాలానికి పదవి పోయి పిలుపు మిగిలింది. నా కాలానికి ఆ పిలుపు కూడా ఊళ్లో నలుగురైదుగురు ముసలివాళ్ల నోటనే వినిపిస్తుంది. నేను మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో, ధాన్యం లారీలు తూచే కాంటా దగ్గర గుమాస్తాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మాడుగులపల్లి దగ్గరి మా ఊళ్లో మా ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. బావి మాత్రం ఉంది. ఒకప్పుడు సూర్యాపేట సంతకు పోయే బండ్లు ఆ బావి దగ్గర ఆగకుండా పోయేవి కావు. చుట్టుపక్కల ఏ బోరు నీళ్లు తాగినా పళ్లు గార పట్టేవి, నలభై దాటితే మోకాళ్లు వంగేవి కావు. మా బావి నీళ్లు మాత్రం తియ్యగా ఉండేవి. కొన్నేళ్ల కిందట ఊరి నీళ్లన్నీ పరీక్ష చేసినప్పుడు మా బావిలో ఫ్లోరైడ్ హద్దు దాటలేదని తేలింది. ఇక ఆ నీళ్లకు వేరే పరీక్ష అక్కర్లేదని నేను తీర్మానించుకున్నాను. ప్రతి ఆదివారం స్కూటర్ మీద రెండు క్యాన్లు నింపుకుని మిర్యాలగూడలోని కిరాయి ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. వీధి వీధంతా మినరల్ వాటర్ కొంటున్నా మా గడపలోకి కొన్న నీళ్లు రాలేదు.

పోయిన వానాకాలం మొదట్లో, నేను కాంటా దగ్గర ఉండగా ఫోన్ మోగింది. ఊరి బడి హెడ్మాస్టరమ్మ.

"సార్, రోడ్డు వెడల్పు చేస్తూ బడికి వచ్చే నల్లా పైపు పగలగొట్టారు. ఎప్పుడు వేస్తారో తెలియదు. పిల్లలు సీసాల్లో తెచ్చుకున్న నీళ్లు పది గంటలకే అయిపోతున్నాయి. మీ బావి నీళ్లు వాడుకోవచ్చా?"

ఎదురుగా లారీ హారన్ కొడుతూనే ఉంది. నేను లేచి నిలబడి మాట్లాడుతున్నానని ఫోన్ పెట్టేశాక గాని నాకు తెలియలేదు. మా ఇంటిని ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నేళ్లయింది? అడిగింది నీళ్లు. అదీ ఊరి పిల్లలందరికీ.

ఆమె ఒక షరతు పెట్టింది. బడి పిల్లలకు ఇచ్చే నీళ్లు పరీక్ష చేయించి చెప్పాలి. మా బావికి పరీక్షా అని ఒక్క క్షణం గుచ్చుకుంది కాని, చేయిస్తే ఆ కాగితం కూడా మనకే ఉంటుంది కదా అనిపించింది. మరునాడే మిల్లులో అరపూట సెలవు పెట్టి, మిర్యాలగూడలోనే నీళ్లు పరీక్షించే ఆఫీసుకు పోయాను. అక్కడ ఒక అమ్మాయి మూడు చిన్న గాజు సీసాలు చేతిలో పెట్టింది.

"ఒకటి బావికి, ఒకటి ఊళ్లో నల్లాకు, ఒకటి ఎక్స్‌ట్రా ఉంచుకోండి సార్. గీత దాకా నీళ్లు పట్టి వెంటనే మూత పెట్టాలె. ఎండ తగలనియ్యొద్దు. ఒక రోజు, రెండు రోజులు చూడండి. నల్లగ అయితే ఆ నీళ్లు తాగొద్దు. మలం పురుగు కలిసినట్టు." ఇంకా ఏదో చెప్పబోయింది.

"మూడు తరాలుగా నీళ్లిచ్చినోళ్లం బిడ్డా, నీళ్లు పట్టుడు నాకు చెప్తున్నవా," అని నవ్వి వచ్చేశాను.

ఆదివారం పొద్దున్నే ఊళ్లో దిగాను. బావి గట్టు మీద సీసాలు వరసగా పెట్టి చూద్దును కదా, అడుగున గోధుమరంగు పొడి అంటుకుని ఉంది. సర్కారు ఆఫీసు సీసా ఇంకెలా ఉంటుంది అనుకున్నాను. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికి నీళ్లివ్వాలన్నా వాళ్ల కళ్ల ముందే చెంబు మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపి ఇవ్వాలి. అడిగినవాడు కలెక్టరైనా, దారిన పోయేవాడైనా అంతే. మా నాయనమ్మ చేతిలో చెంబు తిరిగే తీరు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. అదే తీరున సీసాను మూడుసార్లు తొలిచాను. పొడి మొండికేస్తే వేలికి గుడ్డ చుట్టి లోపల తిప్పి మరీ వదిలించాను. నాలుగోసారి గీత దాకా నింపి మూత బిగించాను.

రెండో సీసాను కడగలేదు. పైవీధిలో ఇంకా నల్లా వస్తోంది. సర్కారు నీళ్లు సర్కారు సీసాలో ఎలా ఉండాలో అలాగే ఉండనీ అని అక్కడ పట్టాను.

రెండు సీసాలనూ ఇంట్లో బట్టల పెట్టెలో పెట్టి, రోజుకు పదిసార్లు పెట్టె మూత తీసి చూశాను. మంగళవారం పొద్దుటికి బావి సీసా అద్దంలా ఉంది. నల్లా సీసాలో నీళ్లు లేత టీ రంగుకు తిరిగాయి. సంతోషం పట్టలేక చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా స్కూటర్ తీశాను. ఆఫీసు అమ్మాయికి దారిలోనే ఫోన్ చేసి నల్లబడలేదని చెప్పాను. మంచిదే సార్, అయినా క్లోరిన్ వేసుకుంటే నయం అంది. మా బావిలో మందు వేయడమా అని ఆ మాట అక్కడే వదిలేశాను.

హెడ్మాస్టరమ్మ రెండు సీసాలనూ వెలుగుకు పట్టి చూసింది.

"నల్లా నీళ్లు కూడా నల్లగా ఏమీ కాలేదు కదా సార్."

"ఇంకా కాలేదు," అన్నాను.

ఆమె నవ్వింది. సోమవారం నుంచి బావి నీళ్లే అని మాటయింది.

ఆ వారం నేను నేల మీద నడవలేదంటే నమ్మాలి. శనివారం సెలవు పెట్టి పొద్దున్నే ఊరికి పోయి గట్టుకు సున్నం వేయించాను, గిలకకు నూనె పెట్టించాను, కొత్త తాడు కట్టించాను. పని చేసింది ఊళ్లో ఒక పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు మా బావి పూడిక తీసినవాడు. ఆయన మనుమరాలు ఆ బడిలోనే నాలుగో తరగతి.

"పటేలా, మా నాయన గీ గట్టు ఎక్కలేదు ఎన్నడు," అన్నాడు సున్నం కుంచె ఆడిస్తూ. "గాడ కింద నిలబడి దోసిలి పడితే మీ నాయనమ్మ పైనుంచి పోసేది. చెంబు మస్తు కడిగేది గని, చేతికిచ్చేది కాదు."

నేను సున్నం బకెట్టు ఆయన దగ్గరికి జరిపాను.

"ఇగ సోమారం మా పిల్ల గిలాస తోటి తాగుతది. అందుకే సున్నం పైసలు అడుగుత లేను. గంతే గని, నీ మీద ప్రేమతోని కాదు."

అదే మాట తలుచుకుని నవ్వుకుంటూ, ఒక క్యాన్ నింపుకుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాను. మా ఆవిడ బట్టల పెట్టె సర్దుతోంది. ఆమెది కోదాడ. మిగిలిపోయిన మూడో సీసా ఆమె చేతిలో ఉంది.

"ఏవండీ, ఇందులో మందు వేసి ఉందేంటి?"

"మందు కాదు, మురికి. అన్నీ అట్లనే ఇచ్చిండ్రు. బావిది కడిగిన."

"కడిగారా?"

"మూడుసార్లు."

ఆమె సీసాను కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పింది. "లోపలి పొడి తీయరాదు, సీసా కడగరాదు అని రాసుంది. తెలుగులోనే."

"ఏడ?"

"మూత కింద. కళ్లజోడు పెట్టుకుంటే కనబడిద్ది."

పెట్టుకున్నాను. కనబడింది. ఆ పొడి నీళ్లలో కరిగితేనే లేత టీ రంగు వస్తుందని, పురుగు ఉంటే ఆ రంగు నలుపు తిరుగుతుందని, పక్కనే చిన్న అక్షరాల్లో ఉంది. నేను పరీక్షను కడిగి పారబోసి, ఉత్త సీసాలో నీళ్లు నింపి రెండు రోజులు కాపలా కాశానన్నమాట. బాగున్న నల్లా నీళ్లకు రంగు వచ్చిందని ఊరంతా చెప్పాను కూడా.

అయినా వదిలిపెట్టలేదు నేను. "పుట్టినప్పటి నుంచి గవే నీళ్లు తాగుతున్న. నాకేమన్న అయిందా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది.

"పెళ్లయిన రెండో నెలలో మా అమ్మ వచ్చి చూసి, ఈ నీళ్లు కాచకుండా అల్లుడికి పొయ్యొద్దే అంది. అప్పటి నుంచి కాచి, చల్లార్చి, బిందెలో పోస్తున్నా. మీరు తాగుతున్నది అవే."

"నాకెందుకు చెప్పలే?"

"చెబితే తాగేవారా?"

తాగేవాణ్ణి కాదు.

"పెళ్లికి ముందో మరి?"

"మీ అక్కయ్య చెప్పింది, చిన్నప్పుడు మీకు రెండుసార్లు టైఫాయిడ్ వచ్చిందంట. సూర్యాపేట దవాఖానాలో నెల రోజులు ఉన్నారంట."

మా ఇంట్లో దాన్ని ఎండదెబ్బ అని చెప్పుకునేవాళ్లం.

క్యాన్ ఇంకా గడపలోనే ఉంది. ఆమె మూడో సీసా మూత తీసి, కడగకుండా, నీళ్లు గీత దాకా వంచి నా చేతికిచ్చింది. దాన్ని బట్టల మధ్య పెట్టాను. ఇంకా ఆశ చావలేదు. నల్లబడదు అనే నా నమ్మకం. నల్లబడకపోతే మా ఆవిడ ముందు, ఆఫీసు అమ్మాయి ముందు ఎలా మాట్లాడాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున టీ రంగే. మధ్యాహ్నం కాస్త ముదిరినట్టుంది, వెలుతురు తక్కువేమో అనుకున్నాను. సోమవారం స్నానం చేసి వచ్చి చూస్తే సీసా తారు పోసినట్టుంది. వెలుగుకు పడితే అవతలి వేలు కనపడలేదు.

బడి తొమ్మిదింటికి. అప్పుడే ఎనిమిది దాటింది. హెడ్మాస్టరమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సీసాను జేబులో పెట్టుకుని స్కూటర్ తీశాను. మాడుగులపల్లి దాకా ఏ బండిని దాటానో, ఏది నన్ను దాటిందో గుర్తు లేదు.

నేను దిగేసరికి పిల్లలు బావి దగ్గరే వరస కట్టి ఉన్నారు. చేతుల్లో స్టీలు గ్లాసులు. ఎవరో గట్టుకు బంతిపూల దండ కూడా కట్టారు. పెద్దాయన మొదటి బొక్కెన పైకి లాగి గట్టు మీద పెట్టాడు. ఆయన మనుమరాలు వరసలో అందరికంటే ముందు ఉంది.

"ఆగు," అన్నాను. "పోయకు."

ఆయన బొక్కెన వదలలేదు. "ఏమైంది పటేలా?"

"ఈ నీళ్లు ఇయ్యొద్దు."

ఆయన నా వైపు చూసి, పిల్లల చేతుల్లోని గ్లాసుల వైపు చూశాడు. తర్వాత ఆయన మెల్లగా అన్నాడు. "గ్లాసులు సూసినంక మనసు మారిందా? దోసిలి పట్టుమని చెప్పాల్నా పిల్లలకు?"

మా తాతను, నాన్నను ఎవరూ ఎదురుగా నిలబడి అనని మాట అది. అక్కడే బిగుసుకుపోయి, బావి నాది, నా ఇష్టం అని ఉంటే నమ్మేవాళ్లు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అది అంటే బావి పేరు నిలిచేది. పోయేది నా ఒక్కడి పేరే.

జేబులోంచి సీసా తీసి ఆయన చేతిలో పెట్టాను.

"గిది మన బావి నీళ్లు. మొన్న చూపించింది తప్పు. సీసాలో మందును మురికి అనుకుని నేనే కడిగేసిన."

హెడ్మాస్టరమ్మ దగ్గరికి వచ్చింది. పెద్దాయన మూత కొంచెం వదులు చేసి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"మురిగిన గుడ్డు కంపు."

"నల్లా నీళ్ల సీసా వారం దాటినా నల్లబడలేదు," అన్నాను. "గవి మంచివే."

పెద్దాయన సీసాను తిప్పి తిప్పి చూశాడు. ఆపైన భుజాలు కదిలేలా నవ్వాడు. "మీ నాయనమ్మ కడిగిన కడుగుడు గిట్ల పని చేసిందా. జర సెప్పకపోతివి ముందే, సున్నం పైసలన్న తీసుకుందు."

పిల్లలకు నవ్వెందుకో తెలియకపోయినా వాళ్లూ నవ్వారు. ఆయన బొక్కెనను నేల మీద కుమ్మరించాడు. మనుమరాలు గ్లాసు బోర్లించి చూపించింది, ఖాళీయే అన్నట్టు. హెడ్మాస్టరమ్మ పిల్లలను బడికి పంపి, పెద్ద తరగతుల వాళ్లతో పైవీధి నల్లా నుంచి బిందెలు మోయించింది. నేనూ రెండు బిందెలు మోశాను. వారం తిరగకుండా పైపు అతికారు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసు అమ్మాయికి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"చానామంది కడుగుతరు సార్. అందుకే మొన్న చెప్పబోయిన. బావిల బ్లీచింగ్ వేసి మళ్ల చూద్దాం. వేసినా కొన్ని రోజులే. కాచి తాగుడే నయం. నీళ్లు తియ్యగ ఉన్నయా, ఫ్లోరైడ్ లేదా, గవన్ని వేరే సంగతి. పురుగు కంటికి కనపడదు, నాలుకకు తెల్వదు." కాగితం మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "బావికి మీది దిక్కు, ఎత్తు మీద ఇండ్లు ఉన్నయా? లెట్రిన్ గుంతలు?"

"ఉన్నయ్."

"ఎన్ని?"

"పదకొండు ఇండ్లు."

"ఎంత దూరం?"

మొదటి ఇంటి గుంత బావికి ఇరవై అడుగులు. ఆ పదకొండు ఇళ్ల జాగా అంతా కలిపి మా అర ఎకరం. మా నాన్న పోయిన మరుసటి ఏడాది దాన్ని ప్లాట్లు చేసి అమ్మింది నేనే.