రాజవ్వత్త మోర్‌పంఖి కుండీలు

మేం బతుకుదెరువుకు వచ్చిన ఈ గుజరాతీ నగరంలో, మొన్న అడాజన్ పేటలో ఒక నర్సరీ ముందు ఆగి, కుండీలోని మోర్‌పంఖి ఆకును నలిపి వాసన చూశాను. ఆ ఘాటైన పచ్చి వాసనకు రాజవ్వత్త గుర్తొచ్చింది. ఆమె నాకు చుట్టం కాదు. గోడాదరా పేటలో మా ఇంటి పై అంతస్తులో ఒంటరిగా ఉంటూ, మగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టేది. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న కాస్త జాగాలో పొట్టి రకం మోర్‌పంఖి మొక్కలు పెంచేది. మోకాలెత్తు దాటకుండా, విసనకర్రల్లాంటి రెమ్మలతో ఏడాది పొడవునా పచ్చగా ఉండేవి. పూలు పూయని మొక్కలెందుకని అడిగితే, "పొద్దుగాల లేవంగనే పచ్చగ కనవడుతయి, సాలదా?" అనేది.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయిన రోజుల్లోనే, కరీంనగర్ దగ్గర మా ఊళ్లో అమ్మ చనిపోయింది. బస్సుల్లేవు, రైళ్లు లేవు. తమ్ముడు ఫోన్‌లో చూపించిన చితినే చూశాను. నాకు ఏడుపు రాలేదు. వంట చేసేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని, ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మా ఆయన భయపడి రాజవ్వత్తతో చెప్పాడట. మర్నాడు ఆమె మెట్ల మీది నుంచి పిలిచింది. "బిడ్డా, జర పైకి రా. నా నడుము వంగుతలేదు, మొక్కలకు నీళ్లు పొయ్యాలె."

అలా రోజూ వెళ్లేదాన్ని. ఆమె మూతికి కొంగు చుట్టుకుని దూరంగా కూర్చుని పని చెప్పేది. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. గుబురు లోపల ఎండిన రెమ్మలను చేత్తో దులిపి గాలి ఆడనివ్వాలి.

ఎండలు ముదిరాక, వేడెక్కిన ట్యాంకుకు ఆనుకున్న మొక్క ఒకటి ఆ వైపంతా మాడిపోయింది. ఎండిన కొమ్మను మొదలంటా కోసేస్తే కొత్త చిగురు వస్తుందనుకుని కత్తెర తీశాను.

"ముదురు కట్టె కాడ కోస్తే మళ్ల చిగురు రాదు బిడ్డా. దీని తీరే గంత."

"మరి ఆ ఖాళీ అట్లనే ఉంటదా అత్తా?"

"ఉంటది. పక్క కొమ్మలు జర కమ్ముతయి. అయినా కనవడుతనే ఉంటది."

ఆ మాటకు ఏడుపు తన్నుకొచ్చింది. కత్తెర వదిలేసి అక్కడే కూలబడ్డాను. రాజవ్వత్త లేచి, దూరం సంగతి మరిచి, నా పక్కనే కూర్చుంది. ఊరుకోమని అనలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, "మీ అవ్వ ఏం కూర మంచిగ వండేది?" అని అడిగింది. అమ్మ వండే కూరల గురించి ఏడుస్తూనే చెప్పాను.

మరుసటి ఏడు ఆమెకూ జ్వరం వచ్చి తగ్గింది గాని, మెట్లెక్కే ఓపిక పోయింది. చెల్లెలి దగ్గరికి ఊరికి వెళ్లిపోయింది. అక్కడే పోయిందని ఫోన్ వచ్చింది.

ఈ మధ్య కింది అంతస్తు గుజరాతీ ఆవిడ భర్త పోయాడు. వచ్చినవాళ్లంతా ధైర్యం చెబుతున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగి, ఆమె పక్కన కూర్చుని, ఆయనకు ఏం వండితే ఇష్టంగా తినేవాడని అడిగాను. చెబుతూ చెబుతూ పొద్దు గూకేదాకా ఆమె నా చెయ్యి వదలలేదు.