నాలుగో పాటకి వచ్చిన కట్టెలు

నాతో వాదించగల మనిషి ఈ కొండల్లో ఒక్కతే ఉండేది. మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. నేను ఎకనామిక్స్. స్టాఫ్‌రూమ్‌లో ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని, కాఫీ రేటు దగ్గర్నుంచి దేవుడి దాకా ఏ ఒక్కదాని మీదా ఒప్పుకోకుండా తొమ్మిదేళ్లు గడిపాం. ఈ జూలైలో ఆమెని చింతూరు బదిలీ చేశారు. అప్పట్నుంచీ నేను ఏమన్నా సరే, బల్ల అవతల ఎవరున్నా సరే, "అవును మేడమ్" అంటారు. రోజంతా అవును అనిపించుకుని ఇంటికి రావడం ఎంత నీరసమో పడినవాళ్లకి తెలుస్తుంది.

ఇంటి దగ్గర అదీ లేదు. అరకు టౌన్‌కి కాస్త అవతల, గూడెం చివర ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని పదకొండేళ్లయింది. పోయిన మాఘమాసం నుంచి ఆ వీధిలో ఎవరూ నాతో మాట్లాడరు. కారణం నాకు తెలుసనే అనుకున్నాను. ఆ రోజు నేను ప్రీఫైనల్ పేపర్లు దిద్దుకుంటుంటే పొద్దున్నుంచీ డప్పు. బయటికి వెళ్లి, "పిల్లలకి పరీక్షలు, మీకు పండగలూనా? ఆపండి!" అని అరిచాను. ఆపేశారు. ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఆపేశారు. గెలిచాననుకుని లోపలికొచ్చి మిగతా కట్ట పూర్తి చేశాను. మర్నాటి నుంచి ఎదురింటి ముసలమ్మ నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. పండగ మీద ఒక మాటంటే ఇంత కోపమా అని నేనూ బిగుసుకున్నాను. బిగుసుకోవడం నాకు బాగా వచ్చు.

డిసెంబర్లో చింతూరు నుంచి వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. ఏ దేశం వాళ్లో నలుగురు చేసిన ఆల్బమ్. కింద ఆమె మెసేజ్: "రాక్ అంటారు గానీ సగం కంప్యూటర్ చేసిందే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకు. స్పీకర్లో సౌండ్ పెంచి, వరసగా విను. విన్నాక ఫోన్ చేసి తిట్టు."

తిట్టమని అడిగిన మనిషి మీద నాకెంత ప్రేమ పొంగిందో చెప్తే నవ్వుతారు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, స్పీకర్‌ని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, తిట్లు రాసుకోవడానికి పెన్నూ కాగితమూ ముందేసుకుని కూర్చున్నాను.

మొదటి పాట మొదలైన రెండు నిమిషాలకి లేచి ఫ్రిజ్ చూసొచ్చాను. ఆ గుయ్యిమనేది ఫ్రిజ్ కాదు, పాటే. రాసుకున్నాను. రెండో పాటలో గిటారు రేకు షీటుని సిమెంటు రోడ్డు మీద ఈడ్చినట్టుంది. గొంతుని మిషన్‌లో వేసి తిప్పారేమో, పాడేది ఆడో మగో తెలియదు. "గొంతు దాచుకోవడం దేనికి? పిరికితనం" అని రాశాను. మూడో పాట ఏడు నిమిషాలూ నాలుగే స్వరాలు. "బోరు" అని రాసి, తర్వాత కొట్టేశాను. ఎందుకంటే ఐదో నిమిషంలో ఆ నాలుగింట్లో ఒకటి రావడం మానేసింది. మిగతా రెండు నిమిషాలూ దాని కోసం చూస్తూ కూర్చున్నాను. నాకు తెలియకుండా నన్నలా కూర్చోబెట్టినందుకు ఒళ్లు మండింది.

నాలుగో పాటలో గిటారు లేదు. దెబ్బలే. మూడు దెబ్బలు, ఆగడం, ఒక దెబ్బ. మళ్లీ ఆగడం. మిషన్ దెబ్బే గానీ తోలు మీద కొట్టినంత లోతుగా ఉంది, కుర్చీలోంచి నడుముకి తగిలింది. తిట్టడానికి మాట దొరకలేదు. మాట దొరికేదాకా వదిలే రకాన్ని కాదు కాబట్టి రెండు నిమిషాలు విని మళ్లీ మొదటికి తిప్పాను. దొరకలేదు. తలుపులు బార్లా తీసి, సౌండ్ ఇంకా పెంచి మూడోసారి పెట్టాను.

వాకిట్లో ఏదో దబ్బుమని పడింది. పాట ఆపి బయటికి వచ్చాను. ఎదురింటి ముసలమ్మ. ఆవిడ కాళ్ల దగ్గర ఒక దుంగ. వెనకాల వీధిలోవాళ్లు ఏడెనిమిది మంది, ఒక్కొక్కరి భుజం మీదా ఒక్కో కట్టె. నన్ను చూసి ముసలమ్మ నోరు తెరిచింది.

"ఓలమ్మ! నువ్వు బతికే ఉన్నావేటి?"

"బతక్కేం? ఈ కట్టెలేమిటి?"

"మరి దెబ్బ ఇనబడ్డాది గదా. ఒకపాలి కాదు, మూడుపాల్లు. ఒంటి మనిసివి, ఎవులు సూత్తారని బేగి వొచ్చినాం."

"అది పాట. ఫోన్లో పాట," అన్నాను.

"డప్పు ఆపమన్న మేడమ్మ డప్పు పాట ఇంటన్నాదట్రా," అన్నాడు వెనకనుంచి ఒకాయన. ఒకరిద్దరు నవ్వబోయి ముసలమ్మ వైపు చూసి ఆగిపోయారు.

అప్పుడు చెప్పింది ఆవిడ. ఈ గూడెంలో మనిషి పోతే మూడు దెబ్బలు కొట్టి, ఆగి, ఒకటి కొడతారు. విన్నవాళ్లు చేతిలో పని అక్కడే వదిలి, తమ కట్టెల మోపులోంచి ఒకటి తీసుకుని బయల్దేరాలి. పోయింది ఎవరని అడగకూడదు. పగవాడైనా సరే, కట్టె ముందు, మాట తర్వాత.

"పండక్కి కొట్టేది వేరే దెబ్బా?" అన్నాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోతోంది. పదకొండేళ్లుగా ఈ వీధిలో ఏ డప్పు మోగినా పండగనే అనుకుని కిటికీ మూసుకున్నాను.

"పండగ దెబ్బ ఉరుకుతాది. ఇది ఆగి ఆగి నడుత్తాది. మాగంలో మా ముసలోడికి కొట్టినారు గదా. నువ్వు ఆపమంటే ఆపీసినారు. దెబ్బ లేకండానే మోసుకెల్లినాం."

బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. ఎదురింటి ముసలాయన కనబడటం లేదని మాఘం నుంచీ నేను గమనించనేలేదు. ఆ గొంతులో కోపం ఉంటే నేనూ ఎదురు కోప్పడేదాన్నేమో. "నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా," అన్నాను. ఆ స్థితిలోనూ వాదనే వచ్చింది నా నోట.

"నువ్వు అడగనేదు. ఆపమన్నావు."

మిగతావాళ్లు కట్టెలు ఒక్కొక్కటే దించి వెనక్కి మళ్లారు. నాది గ్యాస్ పొయ్యి, ఇవన్నీ నాకెందుకు, పట్టుకెళ్లండి అన్నాను. సావుకి తెచ్చిన కట్టె తిరిగి ఇంటికి పోకూడదన్నారు. ముసలమ్మ మాత్రం వెళ్లలేదు. గడప మీద కూర్చుంది.

"ఎట్టు," అంది.

"ఏది?"

"ఆ పాట. మొదలెట్టిన దెబ్బ మద్దిలో ఒగ్గీకూడదు. ఒకపాలి ఒగ్గీసినాం, సాలు."

పెట్టాను. పదకొండు నిమిషాల పాట. దెబ్బల మీదికి ఆ మిషన్ గొంతు వచ్చినప్పుడు, "కుండలో తలెట్టి పాడతన్నాడేటి ఈడు?" అంది. దెబ్బలు దగ్గరపడ్డాయి, కింద ఒక పెద్ద మోత లేచింది, ఘాట్‌లో రైలు సొరంగంలో దూరినట్టు. "ఇప్పుడు ఎత్తినారు," అంది. కాసేపాగి, "గెడ్డ దాటతన్నారు," అంది, శ్మశానం దారిలో వాగు కళ్ల ముందే ఉన్నట్టు. దెబ్బదెబ్బకీ ఒళ్లో కదులుతున్న ఆమె చేతుల్ని చూస్తూ కూర్చున్నాను. చివర మోతంతా పోయి ఒకే ఒక్క దెబ్బ మిగిలింది. "దించీసినారు," అని కొంగుతో మొహం తుడుచుకుంది.

టీ పెడతానన్నాను. వద్దంది. "ఆ రోజు నేను కట్టె తేలేదు. ఇప్పుడు తేవచ్చా?" అని అడిగాను.

"ఇప్పుడు తెచ్చి ఏటి సేత్తావు? వొంట సేసుకోనా?" అంది లేస్తూ. వాకిట్లో దుంగల్ని కాలితో ఒకపక్కకి జరిపింది. "ఇయి తడవనీకు. నీకూ అక్కరే గదా ఎప్పటికైనా."

అన్నీ చూరు కిందికి చేర్చాను. తొమ్మిది. ఏది ఎవరిదో తెలియదు. వాళ్లు నా కోసం వచ్చారని నేననుకోవడం లేదు. దెబ్బ కోసం వచ్చారు. ఎవరింట్లో మోగినా వచ్చేవాళ్లు. అయినా ఆ రాకలో నేను పోయిన రోజు నా ఇల్లు ఎలా ఉంటుందో చూశాను, అంత చెడ్డగా లేదు.

ఆల్బమ్‌లో ఇంకా ఐదు పాటలున్నాయి. చింతూరుకి ఫోన్ చేయలేదు. స్పీకర్లో పెట్టాలంటే భయం, లోపల ఇంకెక్కడ ఏ దెబ్బ ఉందో నాకు తెలియదు. తెలిసిన మనిషి ఎదురింట్లో ఉంది. అడగాలంటే వీధి దాటాలి. నాలుగు రోజులుగా నా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను.