జేజినాయన చూపించిన ఊరు

నా చిన్నప్పుడు మా ఊరిని చూడటానికని ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కడప వైపు ముగ్గురాయి తవ్వే గనుల ఊరు మాది. లారీలు వచ్చేవి, రాయి ఎత్తుకుపోయేవి, దుమ్ము మాకు వదిలేవి. అలాంటి ఊరిని మా జేజినాయన, అంటే మా నాయనను కన్నాయన, ఒకరోజు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నాకు తిప్పి చూపించాడు. ఆ రోజే గని గట్టు కూలి మా నాయన మీద పడింది. ఊరంతటికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు.

సైరన్ మోగుతూనే ఉంది. మామూలుగా రాయి పేల్చే ముందు కాసేపు మోగి ఆగేది. ఇవాళ ఎందుకు ఆగడం లేదని అడిగాను.

"దాని బటన్ ఇరుక్కుపోయిందంటలే పాపా. నువ్వు రా, నీకు ఊరు సూపిస్తా" అన్నాడు. పని మానుకుని నా వెంట తిరిగే మనిషి కాదాయన. అందుకే నేను మురిసిపోయాను.

ముందు దొర బంగళాకు తీసుకెళ్లాడు. గని మొదలుపెట్టిన తెల్లదొర కట్టించుకున్న రాతి ఇల్లు అది. దాని గోడలకు రాళ్లు మోసింది తానేనని, దొరసాని మన ఎండ తట్టుకోలేక మధ్యాహ్నమంతా నీళ్లతొట్టిలోనే కూర్చునేదని చెప్పాడు. నేను పడీపడీ నవ్వాను. తర్వాత మందు గది. రాళ్లు పేల్చే మందు దాచేది కాబట్టి ఊరికి దూరంగా, కిటికీలు లేకుండా, మూరెడు మందం గోడలతో కట్టారు. లోపలికి పోయేవాళ్ల చేత కాపలావాడు చెప్పులు కూడా విప్పించేవాడట, అడుగున మేకులు రాతికి తగిలి నిప్పురవ్వ లేస్తుందని.

ఆ తర్వాత లారీలు తూచే కాటా. నన్ను ఆ ఇనుప పలక మీద నిలబెట్టి ముల్లు చూడమన్నాడు. ముల్లు కదల్లేదు. ఎగిరాను, గంతులేశాను, అయినా కదల్లేదు. నవ్వుతూ వెనక్కి తిరిగితే ఆయన తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. కంట్లో దుమ్ము పడిందన్నాడు. మా ఊళ్లో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

ఆకలంటే బొరుగులు కొనిచ్చాడు. అమ్మ దగ్గరికి పోదామంటే ఇంకొకటి చూసి పోదామన్నాడు. మేము ఇల్లు చేరేసరికి నాయనను మట్టిలో పెట్టి వచ్చేశారు. ఒళ్లు నుజ్జయిందని, పసిపిల్ల చూడకూడదని పెద్దలు అనుకున్నారట. నన్ను దూరంగా తిప్పే పని ఆయనకు అప్పగించారో, ఆయనే అడిగి తీసుకున్నాడో తెలియదు. నాకు బిడ్డలు పుట్టాక గానీ ఇంకో సంగతి తట్టలేదు. ఆ రోజు తన కొడుకును ఆయనా చూడలేదు.

మా నాయనకు ఒక్క ఫోటో లేదు. ఆ బంగళా, మందు గది కూడా ఇప్పుడు లేవు, గని వెడల్పయి మింగేసింది. అయినా వాటి గోడలు గుర్తున్నాయి. నాయన ముఖం మాత్రం ఎంత వెతికినా రాదు. జేజినాయన మంచికే చేశాడు, నేను మాత్రం ఆయనను క్షమించలేకపోయాను.

ఇన్నేళ్లుగా కువైట్‌లో, జహ్రా అనే ఊళ్లో ఒక ఇంట్లో వంట చేస్తున్నాను. ఇంటావిడను అక్కడ పనివాళ్లం మామా అని పిలుస్తాం. ఆమె చెడ్డది కాదు గానీ పని ఆపి నన్ను షికారు తిప్పే మనిషీ కాదు. మొన్న చలికాలంలో ఒక పొద్దున వంటింట్లోకి వచ్చి, నా చేతిలో గరిటె తీసి పక్కన పెట్టి, యల్లా, అంటే పద, నీకు ఎర్రకోట చూపిస్తానంది. ఊళ్లోనే ఉన్న పాత మట్టికోట, నేనెప్పుడూ లోపలికి పోలేదు. ఫోను ఇంట్లోనే ఉండనీ అంది. కారులో దారి పొడుగునా ఆ కోటలో జరిగిన యుద్ధం సంగతులు చెబుతూనే ఉంది. గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనం నాకు తెలుసు.

కోట ముందు కారు ఆగింది. నేను దిగలేదు.

"మామా, మా ఇంట్లో ఎవురు పోయినారు?" అన్నాను. వచ్చిన అరబ్బీ ముక్కలన్నీ మరిచిపోయి తెలుగులోనే అడిగాను. ఆమెకు తెలుగు రాదు. కానీ కథ చెప్పడం ఆపేసింది.

నా పెద్దకొడుకు. లారీ గుద్దింది. మెల్లగా చెప్పమని మా తమ్ముడు ఆమెకే ఫోన్ చేశాడట. కారు తిప్పించుకుని ఇంటికొచ్చి తమ్ముడికి వీడియో కాల్ చేశాను.

"అప్పుడే ఎత్తుకోని పోవద్దురా. వాని మొగం సూపీ."

"వద్దక్కా, నువ్వు సూడలేవు" అని ఏడ్చాడు.

"సూపీ" అన్నాను.

చూపించాడు. జేజినాయన ఆ రోజంతా నన్ను దేనికి దూరంగా నడిపించాడో అప్పుడు అర్థమైంది. ఆయన మీద కోపం పోయింది, నిద్ర కూడా పోయింది. అయినా మళ్లీ ఆ పొద్దు వస్తే మళ్లీ అదే అడుగుతాను. నా బిడ్డ ముఖం నాకు కావాలి, ఎట్లున్నా సరే.