సువార్తమ్మ వసారాలో సంబరం

నిన్న నా నోరే నా ఉద్యోగానికి ఎసరు పెట్టేది అక్కా! నవ్వకండి, ముందు వినండి. పాణం పోయి వచ్చింది నాకు.

ఆంధ్ర రాష్ట్రమూ కొత్తదే, నా గ్రామసేవిక ఉద్యోగమూ కొత్తదే. తర్లుపాడు పక్కన పల్లెలో ఆడోళ్లకు మధ్యాహ్నం పూట చదువు చెప్పాల. చోటు ఎవరిస్తారు? ఊరంతా తిరిగితే ఒక్క సువార్తమ్మ పెద్దమ్మే తన వసారా ఇచ్చింది. "మా కోడలు రూతమ్మ గూడా నేర్చుకుంటాదిలే" అనింది. ఆ వసారా పోతే క్లాసు లేదు, క్లాసు లేకుంటే నేను లేను!

నిన్న పెద్దమ్మ సంతకని బయల్దేరి పోయింది. నేను బోర్డు మీద 'ఆనందం' అని రాసి, "దీంతో ఒక వాక్యం చెప్పండి" అన్నా. వెనకాల కూచున్న మరియమ్మ గొణిగింది. "ఆ మాట ప్రార్థనలో అంటామమ్మా. ఇంట్లో ఎవురంటారు? సంబరం అంటాం."

సరే, 'సంబరం' అని రాసినా. ఇంక చూడండి!

"వాన పడితే సంబరం."

"మేక రెండు పిల్లలేస్తే సంబరం."

రూతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకోని, "మా అత్త సంతకు పోతే నాకు సంబరం" అనింది. అందరూ పకపకా నవ్వినారు.

నేను ఊరుకోవచ్చు గదా? సొంత మాటలు చెప్తే ఎంకరేజ్ చెయ్యమని ట్రైనింగులో చెప్పినారాయె! దాన్నే బోర్డు నిండా రాసి, బెత్తం పెట్టి అందరితో చదివించినా. "వినబడలే, ఇంకా గట్టిగా!" వీధి చివరిదాకా పోయేట్టు అరిచినారు. మళ్లీ అన్నా. ఈసారి నా గొంతొక్కటే వినబడింది. తిరిగి చూస్తే వాకిట్లో సువార్తమ్మ, ఖాళీ గంపతో. బస్సు రాలేదంట!

"ఏందే మీ సంబరం?"

రూతమ్మ తల పైకెత్తలే, పాపం. రేపటినుంచి ఆ పిల్లను రానియ్యదు, నన్ను వసారా ఎక్కనియ్యదు అనుకున్నా. ఏడుపొక్కటే తక్కువ.

పెద్దమ్మ గంప దించి, కోడలి పక్కనే కూలబడింది. "దాని తప్పేముందిలే. మా అత్త సంతకు పోయిన రోజు నేనూ ఇట్లనే ఎగిరేదాన్ని. రేపు గూడా ఇక్కడే చెప్పుకో పంతులమ్మా" అనింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, బోర్డు వైపు వేలు చూపించింది. "ఇప్పుడు నా వాక్యం రాయి. 'పంతులమ్మ ఊరికి పోతే మాకు సంబరం!'"

నా చేత్తోనే రాసినా. నేనే బెత్తం పెట్టి చదివించినా. ఇన్ని నెలల్లో ఒక్కరు గూడా తడబడకుండా చదివిన పాఠం అదొక్కటే అక్కా!