సింకు కింద తెల్ల టేపు

మా బావది నీళ్ల పైపుల పని. అక్కకి పెళ్లయినప్పుడు నాకు పదేళ్లు. నా నోట్లో ఏ మాటా ఆగదని నాకు 'లీకు' అని పేరు పెట్టాడు. మాది ఎదురు వాటానే కాబట్టి పొద్దున లేస్తే ఆయన వెక్కిరింపు, నా కస్సుబుస్సు తప్పేవి కావు.

సగం పనులు ఫోనులోనే తేల్చేసేవాడు. "కుళాయి బొట్లు బొట్లుగా కారుతోందా? వాషరు అరిగిందమ్మా, దానికి నేనెందుకు, మీరే మార్చుకోండి. సింకులో నీళ్లు దిగట్లేదా? రబ్బరు పంపుతో నాలుగు సార్లు గట్టిగా నొక్కండి, యాసిడ్ మాత్రం పోయకండి" అనేవాడు. కుళాయిలన్నీ కట్టేసినా మీటరు తిరుగుతోందన్నా, గోడ చెమ్మెక్కిందన్నా మాత్రం గొంతు మారిపోయేది. "మెయిన్ వాల్వు కట్టేసి కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి. వస్తున్నా."

ఎక్కడ పైపు బిగించినా మరలకి దారం చుట్టి, రంగు పూసి బిగించేవాడు. దారానికి బదులు ఇప్పుడందరూ చుట్టే తెల్ల టేపంటే ఆయనకి ఒళ్లు మంట. ఎవరింట్లోనైనా అది కనిపిస్తే "పాపం, పైపుకి దెబ్బ తగిలిందా? కట్టు కట్టారు" అనేవాడు.

రెండేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. నరాల జబ్బు, తగ్గేది కాదన్నాడు డాక్టరు. బావ మాత్రం కాఫీ ఎక్కువైందన్నాడు. ఒకరింట్లో స్పానరు జారి వాష్‌బేసిన్ పగిలాక పనులకి వెళ్లడం మానేశాడు. ఎవరు ఫోన్ చేసినా ఖాళీ లేదనేవాడు. ఖాళీ లేని మనిషి రోజంతా కిటికీ దగ్గరే కూర్చుని ఉండేవాడు.

అలాంటప్పుడు వాళ్ల వంటింటి సింకు కింద పైపు కారడం మొదలుపెట్టింది. బావే బిగించాడు. మళ్లీ కారింది. మూడుసార్లు విప్పి బిగించాడు. ఆ చేత్తో దారం సమంగా పడడం లేదు. అక్క కింద మగ్గు పెట్టి, ఆయన చూడకుండా పారబోసేది. చివరికి పైకప్పు తడిసిందని కింది వాటా ఆయన పైకొచ్చి మొత్తుకున్నాడు.

"ఎవరినైనా పిలవవే" అంది అక్క నాతో, కళ్లనిండా నీళ్లతో. "ఆయనకి తెలియకూడదు. తను చేసిందే నిలిచిందనుకోవాలి."

బావ నాలుగోసారి బిగించి క్షవరానికి వెళ్లినప్పుడు పిలిచాను. వచ్చినవాడు ఇరవై నిమిషాల్లో పని ముగించి వెళ్లిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. వాడు జేబులోంచి టేపు తీసి చుట్టడం కళ్లారా చూశాను. ఇరవై ఐదేళ్లుగా బావ ఆ టేపుని తిడుతుంటే విన్నదాన్ని. దారం చుట్టు బాబూ అని ఒక్క మాట అనాలని నా మట్టిబుర్రకి తట్టలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

సింకు కింద పొడిగా ఉండేసరికి బావ మొహం వెలిగిపోయింది. "చూశావటే లీకూ! చెయ్యి వణికితే ఏం, పని తెలిసిన చెయ్యి" అన్నాడు. వారం రోజులు ఇంట్లో నవ్వు వినిపించింది. పాత సంచీ దులిపాడు. గోడ తడుస్తోందని ఒకావిడ ఫోన్ చేస్తే, సోమవారం వస్తానని ఒప్పుకున్నాడు కూడా. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆదివారం కింది వాటా ఆయన వచ్చి, తడి ఆగిందని చెప్పాడు. "ఆగక ఏం చేస్తుంది? రండి, చూద్దురుగాని" అని బావ ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్లాడు. సింకు కింది తలుపు తీసి, ఎడమచేత్తో టార్చి పట్టుకుని వంగాడు. అలాగే ఉండిపోయాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. టార్చి వెలుగు తెల్ల టేపు మీద ఆగింది.

కాసేపటికి తలుపు మూసి, మెల్లగా లేచాడు. "బాగుంది. గట్టిగా ఉంది" అన్నాడు. కింది వాటా ఆయన తలూపి వెళ్లిపోయాడు. అక్క చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ ఆమెని ఏమీ అడగలేదు. ఒక్క కేక వేసి ఉంటే నేనూ నాలుగు అని, ఏడ్చి, ఊరుకునేదాన్ని.

అంతలో ఆయన ఫోన్ మోగింది. గోడ తడుస్తోందన్న ఆవిడే. రేపు ఎన్నింటికి వస్తారని అడుగుతోంది. బావ కాసేపు విని, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నీకు మంచి పనివాడు తెలుసుగా. ఆవిడకి నంబరు చెప్పు" అన్నాడు.

చెప్పాను. మధ్యలో ఒక అంకె మింగేశాను. ఆవిడ పాపం తప్పు నంబరే రాసుకునేది. బావ పక్కనే నిలబడి లెక్కపెట్టి, తొమ్మిదే అయ్యాయని నాతో మళ్లీ మొదటి నుంచి చెప్పించాడు.