ఊదా దీపాల ఊరు

ఫోను చేతికొచ్చిన ప్రతివాళ్ళూ లోకానికి సలహాలు చెప్పే రోజులవి. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నేను మాత్రం ఎందుకు ఊరుకుంటాను? మా భావనపాడు కుర్రకారంతా నా రీల్సే చూసేవారు. ఓసారి హాస్టల్ స్నేహితురాలి ఊదారంగు దీపం ఒక్కపూటకి అడిగి తెచ్చుకుని, దాని వెలుగులో కళ్ళు అరమోడ్చి, "ఇది కొన్నాక నాకు నిద్రెంత హాయిగా పడుతోందో! నన్ను నమ్మండి, లింక్ బయోలో ఉంది" అన్నాను. (లైకులు చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను, అది వేరే సంగతి.) లింకు నొక్కి ఎవరు కొన్నా నాకు కాస్త కమీషన్. దీపం మర్నాడే తిరిగిచ్చేశాను. వారం తిరక్కుండా ఊళ్ళో పార్సిళ్ళు దిగాయి.

నేను సెలవులకి ఇంటికొచ్చేసరికి నాన్న, మావ సముద్రం మీద చేపల వేటకెళ్ళి ఉన్నారు. వాళ్ళు రావలసిన సాయంత్రం బాగా మబ్బు పట్టింది. వీధిలోకొచ్చి చూస్తే ఒళ్ళు జలదరించింది. ప్రతి కిటికీలో అదే ఊదా వెలుగు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళ పెదాలు, పళ్ళు కూడా ఊదాగా ఉన్నాయి. పుట్టినప్పట్నుంచీ ఎరిగిన ముఖాలు ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. ఒడ్డుకి పరిగెత్తాను. బోటు వచ్చింది గానీ అలల అవతలే ఆగిపోయింది. ఇంజను చప్పుడు దగ్గరకి రాదు, దూరం పోదు. వాళ్ళ ఫోన్లు కలవడం లేదు, గాలి లేస్తోంది. "వొచ్చీండి, ఇదే మనూరు!" అని అమ్మ గొంతు చించుకుంటోంది. నాన్న ఇక రాడేమో అనిపించింది. ఎంతసేపటికో బోటు మెల్లగా తిరిగి, సరిగ్గా మా ఇంటికేసి వచ్చింది.

"ఇది మనూరు కాదు, దెయ్యాలూరు, ఎనక్కి తిప్పీ అని మీ మావ ఒకటే గోల" అన్నాడు నాన్న, అవన్నీ ఊరు కొత్తగా కొన్న దీపాలని అమ్మ చెప్పాక ఇసకలో కూలబడి. "మన గుమ్మం కాడ పసుపు బల్బొకటి కనబడినాది. దాన్ని సూసుకునే వొచ్చీసినాం. ఊరంతా కొనీసినా నా కూతురు కొన్లేదు సూడు, బుద్ధిమంతురాలు!"

పక్కన నిలబడ్డ ఎదురింటి పిల్ల, నా రీల్ చూసి దీపం కొన్న పిల్ల, నా వంక అదోలా చూసింది. "అవునక్కా, నువ్వు కొన్లేదేటి?" అంది. సముద్రం హోరులో వినబడనట్టు నటించాను.

ఇప్పుడు విజయనగరంలో ఉద్యోగం. నిద్ర సరిగ్గా పట్టదు. మొన్న ఫోన్లో ఓ రీల్ వచ్చింది. ఊదా వెలుగులో పల్చటి జడ పిల్ల, "నన్ను నమ్మండి" అంటోంది. నేనే! దాన్ని ఎప్పుడో తీసేశాను, ఎవరు దాచి తిప్పుతున్నారో తెలీదు. వెన్నులో చలి పుట్టింది. అయినా ఎంత ముద్దుగా అబద్ధమాడుతోందో అనిపించి, నవ్వుకుంటూనే లింకు నొక్కాను. పార్సిల్ రేపు వస్తుందట.