పెద్దపేగులో చిట్టెలుక

యుద్ధం ఇంకా ముగియని ఆ రోజుల్లో గజం గుడ్డ దొరకడం గగనమే గానీ, ఉత్సాహానికి మాత్రం రేషను ఉండేది కాదు. ట్రైనింగు ముగించుకుని గురజాల ఆడపిల్లల బడిలో కొత్తగా చేరిన నాలో అది పొంగి పొర్లేది. ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారనీ, ఆయనకు నా పాఠం నచ్చితేనే ఉద్యోగం ఖాయమవుతుందనీ తెలియగానే, నేను జీర్ణవ్యవస్థను ఎంచుకుని, ఏకంగా ఓ పొట్టనే తయారుచేయడానికి పూనుకున్నాను! నాకు తోడుగా వచ్చిన మా అమ్మ గుడికి కట్టుకునే పాతచీరలు పట్టుకుని (అడిగే తీసుకున్నాను, ఎందుకో మాత్రం చెప్పలేదు) వీధి చివర దర్జీ బాబాయి దగ్గరికి పరిగెత్తాను. ఆ సాయిబు నేను చెప్పిన కొలతలు విని, "ఇంత పొడుగు లంగా ఎవురికమ్మా?" అన్నాడు. "లంగా కాదు బాబాయ్, పేగు!" అన్నాను. ఆయన "యా అల్లా" అనుకుని మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు గదినిండా చీరల గొట్టం మెలికలు తిరిగి పడుకుంది. మధ్యలో గోనెసంచి జీర్ణాశయం. ఇటు రెండు వరసల్లో నిలబడ్డ పిల్లలు పళ్లు. అన్నం ముద్దగా లోపల పాకడానికి, అందరికంటే పొట్టిగా ఉండే పిల్లను ఎంచుకున్నాను. ఆమెను అందరం చిట్టెలుక అనేవాళ్లం. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చోగానే పళ్లు నమిలాయి, గొంతు మింగింది, జీర్ణాశయం పిల్లలు గోనెసంచిని పిసికారు, కాలేయం పిల్ల పైత్యరసమని చెంబుడు పసుపునీళ్లు గుమ్మరించింది. "సారమంతా పీల్చేశామండీ!" అని చిన్నపేగు పిల్లలు అరిచారు. నా కాళ్లు నేలమీద లేవు! సరిగ్గా అప్పుడే, పెద్దపేగులో చిట్టెలుక పాకుతున్న ఉబ్బు ఆగిపోయింది.

వంగి, "ఏమే, కదలవేందే?" అన్నాను మెల్లగా.

"నేను రాను టీచరమ్మా," అంది లోపలినుంచి చిట్టెలుక. "లోపలికి పొయ్యేటప్పుడు అన్నాన్ని. ఇప్పుడు బయటికొస్తే నన్నేమంటారో నాకు తెల్సు! ఊళ్లో తలెత్తుకోలేను."

(నిజం చెప్పొద్దూ, పాఠం ఎలా ముగుస్తుందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.)

"ఏమైందమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ముందు వరసలో ఓ పన్ను చెయ్యెత్తి, "మలబద్ధకమండీ!" అంది.

ఆయన మీసం కదిలింది. "దానికేం చేయాలి?"

"ఆముదం పట్టాలండీ!" అని క్లాసంతా ఒక్కసారే అరిచింది.

ఆముదం మాట చెవిన పడగానే చిట్టెలుక లోపలే గిర్రున వెనక్కి తిరిగి, చిన్నపేగూ జీర్ణాశయమూ దాటి, పచ్చగా తడిసిన జుట్టుతో నోట్లోంచి ఊడిపడింది. పిల్లలందరూ గంతులేస్తూ, "వాంతి! వాంతి!"

ఇన్‌స్పెక్టరు గారు నవ్వు ఆపుకోలేక కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. చిట్టెలుకను దగ్గరికి తీసుకుని, "మీ పిల్లలకు పాఠమే కాదు, జబ్బులూ వచ్చేశాయమ్మా. ఉద్యోగానికేం ఢోకా లేదు. ఈ పిల్లను మాత్రం ఇంకెప్పుడూ మింగొద్దు," అన్నారు.

ఇప్పుడు, ఈ ముసలితనంలో, రెండు గరిటెల మజ్జిగన్నం అరిగించుకోవడానికి వసారాలో అటూ ఇటూ నడుస్తుంటాను. అన్నం కడుపులోకి పోవడమే ఓ పండగనుకుని ఎగిరిన ఆనాటి నాలోని పిల్ల టీచరమ్మ గుర్తొస్తే, నడక ఆపి ఒక్కదాన్నే నవ్వుకుంటాను. ఆ ఉత్సాహంలాంటి ఆకలి మళ్లీ ఎప్పుడూ వేయలేదు.